సంక్రాంతి సెలవుల లోపు ఇంట్లో కంప్యూటర్ ఒకసారి చూసుకోండి

తల్లిదండ్రులకు నమస్కారం.

సమ్మెటివ్ పరీక్షల మార్కులు, సెలవుల తేదీలు ఈ వార్తాలేఖలోనే వేరే పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ గురించి. మొన్న జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి పిల్లల చదువు గురించి మాట్లాడదామని వచ్చినవాళ్లలో చాలామంది, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒకటే మాట అడిగారు. "లాప్‌టాప్ ఈమధ్య బాగా స్లో అయిపోయిందండి, ఏవేవో యాడ్స్ వచ్చేస్తున్నాయి. దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందాండి?"

ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనకు తెలియకుండా కంప్యూటర్‌లో చేరి, మనం చేసే పనులన్నీ గమనించి బయటివాళ్లకి చేరవేసే ప్రోగ్రామ్‌ని స్పైవేర్ అంటారు. కొన్ని మనం ఏం వెతుకుతున్నామో చూసి, దాన్నిబట్టి యాడ్స్ గుప్పించి డబ్బు చేసుకుంటాయి. కొన్ని బ్రౌజర్‌ని, అంటే మనం ఇంటర్నెట్ చూసే క్రోమ్ లాంటి ప్రోగ్రామ్‌ని, తమ చేతిలోకి తీసుకుని, గూగుల్ తెరిస్తే మరేదో సెర్చ్ పేజీకి తీసుకెళ్తాయి. కీలాగర్ అయితే మీరు నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసి పెట్టుకుంటుంది. నాకు ఎక్కువ భయం ఇన్ఫోస్టీలర్ అనే రకం గురించి. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు, లాగిన్ అయి ఉన్న ఖాతాల వివరాలు ఒక్కసారే ఊడ్చి పంపేస్తుంది. పని అయిపోగానే తనంతట తానే చెరిగిపోయేవి కూడా ఉన్నాయి. అలాంటప్పుడు కంప్యూటర్ స్లో అవదు, యాడ్స్ రావు, మనకు అనుమానమే కలగదు.

మన వైపు దీని గురించి ఇంకొంచెం ఎక్కువ ఆలోచించాలి. అంబాజీపేట, అయినవిల్లి, ముక్తేశ్వరం వైపు నుంచి వచ్చే మన పిల్లల్లో కొందరి నాన్నలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. అక్కడి నుంచి పంపిన డబ్బు వచ్చిందో లేదో అమ్మ ఇక్కడ లాప్‌టాప్‌లోనే చూసుకుంటుంది. చెరువులున్న ఇళ్లలో మేత బాకీలు, రొయ్యల పట్టుబడి లెక్కలు అందులోనే. సాయంత్రం అయ్యేసరికి హోంవర్కూ అందులోనే, ఆటలూ అందులోనే. ఇంటిల్లిపాదికీ ఒకే ఖాతా, చాలాచోట్ల దానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు. పిల్లవాడు ఆట కోసం దించుకున్నది ఇంటి డబ్బు దాకా వెళ్లడానికి మధ్యలో అడ్డమే లేదు.

ఒకరి ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. తొమ్మిదో తరగతి అబ్బాయి లాప్‌టాప్‌ని వాళ్ల అమ్మగారు మన ల్యాబ్‌కి తీసుకొచ్చారు. తెరవగానే కింద కుడివైపు మూలన ఎర్ర అక్షరాలతో 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి' అని పదేపదే వస్తోంది. ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. నిజానికి ఆ హెచ్చరిక కంప్యూటర్ ఇచ్చింది కాదు. ఏదో సైట్‌లో 'అలౌ' నొక్కితే వచ్చే నోటిఫికేషన్. అసలు సంగతి వేరే చోట బయటపడింది. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, ఇన్‌స్టాల్ చేసిన తేదీని బట్టి వరుస పెట్టమంటే, ఒకే సాయంత్రం చేరిన నాలుగు పేర్లు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి ఆట. మిగతా మూడూ ఆ అబ్బాయికే తెలియవు. డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన ఆటకి ఎక్కడో ఉచిత కాపీ దొరికింది, దాంతోపాటు మిగతావీ వచ్చి కూర్చున్నాయి.

ఆ అబ్బాయి రెండు వారాలుగా ఇంట్లో చెప్పలేదు. నాన్నకి తెలిస్తే లాప్‌టాప్ లాగేసుకుంటారని భయం. ఆ రెండు వారాలూ అమ్మగారు అందులోనే బ్యాంకు చూసుకున్నారు. ఇది మీరందరూ ఆలోచించాల్సిన విషయం. కంప్యూటర్‌లో తేడా వస్తే ఇంట్లో అందరికన్నా ముందు తెలిసేది పిల్లలకే. దయచేసి కోప్పడకుండా అడగండి. "ఏం దించావు? ఎప్పుడు? ఏ సైట్ నుంచి?" ఈ మూడింటికీ నిజమైన జవాబు దొరికితే శుభ్రం చేసే పని సగం అయిపోయినట్టే, ఎందుకంటే ఆ తేదీ పట్టుకుంటే మిగతావి వాటంతటవే బయటపడతాయి.

ఇక తీసేయడం. అనుమానం రాగానే ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు ఆపేయండి. పైన చెప్పినట్టు తేదీల వరుసలో చూసి, తెలియని పేర్లను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఏదైనా పేరు మీద సందేహం ఉంటే తొందరపడకండి. ప్రింటర్‌కీ, సౌండ్‌కీ సంబంధించినవి కూడా అక్కడే ఉంటాయి. తర్వాత బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న చిన్న అదనపు ప్రోగ్రామ్‌లు) చూసి మీరు పెట్టుకోనివి తొలగించండి. క్రోమ్ అయితే సెట్టింగ్స్‌లో 'రీసెట్' అని ఉంటుంది. అది నొక్కితే సెర్చ్ పేజీ మామూలుగా అవుతుంది, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, బుక్‌మార్కులు మాత్రం పోవు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కాలువలో గుర్రపుడెక్క పైపైన లాగేస్తే నీళ్లు కనిపిస్తాయి గానీ, మిగిలిన చిన్న ముక్క నుంచే మళ్లీ అల్లుకుపోతుంది. ఇదీ అంతే. కాబట్టి స్కాన్ తప్పనిసరి. దీనికోసం ఏమీ కొనక్కర్లేదు. విండోస్ 10లో, 11లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్ నొక్కితే 'ఫుల్ స్కాన్' కనిపిస్తుంది. గంటల తరబడి పట్టవచ్చు, రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి వదిలేయండి. అది అయ్యాక అక్కడే ఉన్న 'ఆఫ్‌లైన్ స్కాన్' కూడా చేయండి. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలై, విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే వెతుకుతుంది కాబట్టి మామూలు స్కాన్‌కి దొరకకుండా దాక్కున్నవి కూడా దొరుకుతాయి. దీనికి సుమారు పావుగంట చాలు. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి.

కొత్త లాప్‌టాప్‌తో పాటు వచ్చిన యాంటీవైరస్ గడువు అయిపోయి అలాగే పడి ఉంటే, దాన్ని తీసేయండి. అది ఉన్నంతసేపూ రక్షణ ఉందనుకుంటాం, ఉండకపోవచ్చు. తీసేస్తే డిఫెండర్ తనంతట తానే పని మొదలుపెడుతుంది.

పాస్‌వర్డులు మార్చే విషయంలో వరుస ముఖ్యం. స్పైవేర్ ఉన్న కంప్యూటర్‌లోనే కొత్త పాస్‌వర్డ్ కొడితే అది కూడా వాళ్లకి చేరుతుంది. శుభ్రంగా ఉన్న ఫోన్ నుంచి మార్చండి. ముందు ఈమెయిల్, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డులన్నీ దాని ద్వారానే మార్చుకోవచ్చు. ఆ తర్వాత బ్యాంకు. ఈమెయిల్‌కి టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే పద్ధతి) పెట్టి, ఆ ఖాతాలో లాగిన్ అయి ఉన్న డివైస్‌ల జాబితాలో తెలియనివి ఏవైనా కనిపిస్తే సైన్ అవుట్ చేయండి. ఇంత చేసినా లక్షణాలు పోకపోతే ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం బయట దాచుకుని, 'రీసెట్ దిస్ పీసీ'లో అంతా చెరిపేసి విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు. ప్రోగ్రామ్‌ల ఫైళ్లు మాత్రం దాచుకోకండి, వాటితోపాటే తిరిగొస్తుంది.

డబ్బు పోయిందని తెలిస్తే ఇవన్నీ పక్కనపెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పండి. సైబర్ నేరాలకి అది జాతీయ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఒక రాత్రి ఆగకండి.

మళ్లీ రాకుండా చూసుకోవడంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది, చాలా తక్కువ ఇళ్లలో ఉండేది ఒకటుంది. పిల్లలకి వేరే ఖాతా. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి కొత్తది పెడితే అది మామూలుగా 'స్టాండర్డ్' ఖాతాగానే వస్తుంది. కంప్యూటర్ మొత్తానికి సంబంధించిన మార్పు ఏది చేయబోయినా పెద్దల పాస్‌వర్డ్ అడుగుతుంది. పావుగంట పని. పాస్‌వర్డ్ మాత్రం పిల్లవాడి పుట్టినరోజు పెట్టకండి.

మోడల్ పేపర్ల కోసం వెతికే పదో తరగతి వాళ్ల గురించి కూడా చెప్పాలి. 'డౌన్‌లోడ్' అని మెరిసే పెద్ద బటన్లు చాలావరకు యాడ్సే. విండోస్ ఫైలు పేరులో చివరి భాగాన్ని మామూలుగా దాచిపెడుతుంది. అందుకని 'గణితం పేపర్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' అన్న ఫైలు తెర మీద 'గణితం పేపర్.పీడీఎఫ్' అని మాత్రమే కనిపిస్తుంది. అది పేపర్ కాదు, ప్రోగ్రామ్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' నొక్కి (విండోస్ 11లో అయితే ఆ తర్వాత 'షో' కూడా నొక్కి) 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' పెట్టుకుంటే మోసం కళ్లకు కనిపిస్తుంది. ఫలితాలు పదో తరగతి బోర్డు సొంత సైట్‌లోనే చూడండి. తెలుగు టైపింగ్ కోసం కూడా ఎక్కడెక్కడివో దించుకోనక్కర్లేదు, విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది.

ప్రాజెక్టు ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపుకి వెళ్లి వస్తుంది. అక్కడ రోజంతా ఎందరెందరివో పెన్‌డ్రైవ్‌లు ఆ కంప్యూటర్‌కి పెడతారు. ఇంటికొచ్చాక ఫోల్డర్ బొమ్మ మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తే దాన్ని తెరవకండి. వీలైతే ఫైలుని మెయిల్ చేసి ప్రింట్ తీయించండి. పండక్కి వచ్చే చుట్టాల పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లకీ ఇదే మాట. పెట్టగానే రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయడం అలవాటు చేయండి. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా కంప్యూటర్ శుభ్రం చేసే ఉచిత టూల్స్ ఉన్నాయి.

విండోస్ 10 వాడేవాళ్లకి ఒక మాట. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీ కంప్యూటర్‌కి 11 పడుతుందంటే ఉచితంగా మారండి.

'మా అమ్మాయి ఏం చూస్తోందో తనకి తెలియకుండా చూసే సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి మేడమ్' అని కొందరు నన్ను అడుగుతున్నారు. మీ ఆదుర్దా నాకు తెలుసు. కానీ నేను చెప్పను. అది కూడా స్పైవేరే. మీ అమ్మాయి ఫొటోలు, మాటలు మీ దగ్గరికి రాకముందు మరెవరి సర్వర్‌లోనో చేరతాయి. దాని బదులు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉంది. ఎంతసేపు వాడాలో, ఏ సైట్లు వద్దో అందులో పెట్టవచ్చు. పిల్లలకి చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని పెట్టండి. ఆడపిల్లలున్న ఇళ్లలో లాప్‌టాప్ కెమెరా వాడనప్పుడు దాని మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించి ఉంచమని వాళ్లకే చెప్పండి. ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇప్పటికే మొదలుపెట్టారు.

సెలవులు మొదలయ్యేదాకా ప్రతి శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మన కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉంటుంది. కంప్యూటర్ మాస్టారు, నేను ఇద్దరం ఉంటాం. లాప్‌టాప్ అయితే ఛార్జర్‌తో, డెస్క్‌టాప్ అయితే సీపీయూ ఒక్కటే తీసుకురండి. రుసుము ఏమీ లేదు. పిల్లల్ని కూడా వెంట తీసుకురండి, ఏ రోజు ఏం దించారో చెప్పాల్సింది వాళ్లే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు