తొలి నెలలో ముల్లు చూపేది నీళ్ల బరువే

సంపాదకులకు నమస్కారం.

సైకిల్ కొన్న ఉత్సాహం మూడో వారానికే చల్లారిపోతోందంటే అందుకు మోకాలి నొప్పో, తీరిక లేకపోవడమో మాత్రమే కారణం కాదు. చాలాసార్లు అసలు దోషి వెయింగ్ మెషినే. ‘రోజూ చెమటోడ్చి తొక్కుతున్నా, తగ్గకపోగా కిలో పెరిగానేమిటి?’ అన్న ప్రశ్న కొత్తగా సైకిలెక్కినవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. దానికి తోడు ‘రోజుకు అరగంట సైక్లింగ్, నెలకు అయిదు కిలోలు మాయం’ తరహా మాటలు ఆరోగ్య శీర్షికల్లో కనిపిస్తుంటాయి. ముందు ఆ మాటనే లెక్క వేసి చూద్దాం.

ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు ఏర్పడాలి. 70 కిలోల మనిషి గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో తొక్కితే గంటకు దాదాపు 475 కేలరీలు ఖర్చవుతాయి. ఊరికే కూర్చున్నా ఆ గంటలో 70 ఎలాగూ ఖర్చయ్యేవి. అవి తీసేస్తే సైకిల్ వల్ల అదనంగా ఖర్చయినవి 405. అరగంటకు 200 పైచిలుకు. నెల రోజులు ఒక్క పూటా మానకుండా తొక్కితే 6,100 కేలరీలు, అంటే సుమారు 800 గ్రాముల కొవ్వు. అదీ తిండి పిసరంత కూడా పెరగకపోతేనే. అయిదు కిలోలు దిగాలంటే ఇదే వేగంతో 95 గంటలు, రోజుకు మూడు గంటలకు పైగా తొక్కాలి. ‘అరగంట’ అని రాసినవాళ్లు ఈ గుణకారం చేసి ఉండరు.

వారానికి 200 గ్రాములైనా లేని ఈ తగ్గుదలను, రోజుకో కిలో అటూ ఇటూ ఊగే శరీరంలో వెతుకుతున్నాం. ఊగే ఉయ్యాల మీద కూర్చుని చీమ నడకను కొలిచినట్టే ఇది. పైగా సైకిల్ మొదలుపెట్టిన కొత్తలో ఆ ఊపు అడ్డదిడ్డంగా కాక ఒకే వైపు, అంటే పైకి ఉంటుంది. తికమకంతా అక్కడే.

అందుకు ముఖ్యమైన కారణం గ్లైకోజెన్. తిన్న పిండిపదార్థాలను శరీరం దాచుకునే రూపమిది. మామూలు మనిషి కండరాలన్నిటిలో కలిపి 300 నుంచి 500 గ్రాములు, కాలేయంలో ఇంకో 100 గ్రాముల దాకా ఉంటుంది. రోజూ పని పడుతుంటే తొడ కండరాలు ఈ నిల్వను పెంచుకోవడం మొదలుపెడతాయి. అయితే అది పొడిగా ఉండదు. ఒక్కో గ్రాము తనతో పాటు ఇంచుమించు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నిల్వ 200 గ్రాములు పెరిగితే ముల్లు మీద 800 గ్రాములు పెరిగినట్టు. నెలంతా తొక్కి కరిగించిన కొవ్వు ఎంతో, చేరిన నీళ్లూ ఇంధనమూ సరిగ్గా అంతే! మెషిన్ మాత్రం ‘ఏమీ జరగలేదు’ అంటుంది.

రెండోది రక్తం. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడానికీ, చెమట పట్టించి ఒంటిని చల్లబరచడానికీ శరీరం రక్తంలోని నీటి భాగాన్ని, అంటే ప్లాస్మాను పెంచుకుంటుంది. ఒకటి రెండు వారాల్లోనే అది పది శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించీ పెరుగుతుంది. మూడు లీటర్ల ప్లాస్మాలో పది శాతమంటే 300 మిల్లీలీటర్లు, అంటే 300 గ్రాములు. ఎర్ర కణాలు అంత తొందరగా పెరగవు కనుక ఈ సమయంలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కాస్త తగ్గినట్టు కనిపించవచ్చు. పలచబడటమే తప్ప రక్తం తరిగిపోవడం కాదది. అలాగని రక్తహీనతనంతా సైకిల్ ఖాతాలో వేయకూడదు. కొత్తగా తొక్కుతున్న సంగతి డాక్టరుకు చెప్పి, ఐరన్ మాత్రలకు ముందు, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష అడిగితే తేలిపోతుంది.

మూడోది ఒళ్లు నొప్పులతో వచ్చే వాపు. కొత్తగా గట్టిగా తొక్కితే మర్నాడూ ఆ మర్నాడూ తొడలు పట్టేస్తాయి. కండరాల్లో సూక్ష్మంగా దెబ్బతిన్న చోట మరమ్మతు కోసం నీరు చేరుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఇది ఎక్కువగా ఉండి ఆపైన తగ్గిపోతుంది. దిగుడులో పరుగెత్తినవాళ్లతో పోలిస్తే సైకిల్ తొక్కేవాళ్లకు ఈ బాధ తక్కువే. పెడల్ నొక్కేటప్పుడు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది తప్ప, బరువును ఆపుతూ సాగాల్సిన పని ఉండదు. దీనికి తోడు ఎండలో చాలాసేపు తొక్కి బాగా చెమట పోస్తే, మూత్రపిండాలు ఆపైన ఉప్పునూ నీటినీ బిగబట్టి ఉంచుతాయి. ఆదివారం వంద కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చిన సాయంత్రం కిలోన్నర తగ్గినవాళ్లు, మంగళవారానికి శనివారం కంటే ఎక్కువ తూగడంలో వింతేమీ లేదు.

ఇవన్నీ కలిస్తే మొదటి రెండు మూడు వారాల్లో కిలో, కిలోన్నర పెరగడం మామూలే. దీని తిరుగు ముఖమే ఇంకా పెద్ద చిక్కు. ఏదో కారణంతో పది రోజులు సైకిల్ ఆపితే పెరిగిన ప్లాస్మా తగ్గుతుంది, కండరాల వాపు పోతుంది. బరువు దిగుతుంది. ‘మానేస్తేనే తగ్గుతున్నా’ అని తీర్మానించుకుని సైకిల్‌కు సెలవిచ్చేస్తారు. పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేసినా అంతే. గ్లైకోజెన్ ఖాళీ అవుతూ తన నీటిని వదిలేస్తే మూడు నాలుగు రోజుల్లో కిలోన్నర పోతుంది. అందులో కొవ్వు పిడికెడే. పైగా మర్నాడు సైకిలెక్కితే కాళ్లలో సత్తువ ఉండదు.

ముల్లు కదలనివాళ్లకు ‘కొవ్వు కండగా మారిందిలే’ అని ధైర్యం చెప్పడం ఒక అలవాటైపోయింది. కొవ్వు కణం ఎన్నటికీ కండర కణం కాదు. సైకిల్‌తో తొడలు కాస్త గట్టిపడతాయి కానీ నెలలో కిలో కండ పుట్టదు. అలాగే కొవ్వు చెమటై కారిపోతుందన్నదీ తప్పే. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో వెళ్లిపోతుంది. మిగతా 1.6 కిలోలే నీరవుతుంది. ప్లాస్టిక్ కోటు తొడుక్కుని తొక్కేవాళ్లు తగ్గించుకునేది తాగాల్సిన నీళ్లను. వడదెబ్బ ముప్పు అదనం.

మూడు నెలలు దాటినా బరువు కదలకపోతే అప్పుడు నీళ్ల మీద నెపం వేయడం కుదరదు. కేలరీల లెక్కే తప్పిందని అర్థం. ఆ లెక్క ఎక్కువగా ఫోన్ యాప్‌ల దగ్గరే తప్పుతుంది. కొన్ని యాప్‌లు సగటు వేగాన్ని పట్టి గుణిస్తాయి. దిగుడు దారిలో ఫ్రీవీల్ టకటకమంటూ తిరుగుతున్నప్పుడు కాళ్లు ఏ పనీ చేయడం లేదని వాటికి తెలియదు. వెనుక గాలి తోసినా తెలియదు. కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలనూ కలిపే చూపిస్తాయి. గుండె వేగాన్ని బట్టి లెక్కించే వాచీది ఇంకో రకం పొరపాటు. రెండు నెలల సాధన తర్వాత అదే దారిలో అదే వేగానికి గుండె 150 సార్లు కాక 135 సార్లే కొట్టుకుంటే, వాచీ ఖర్చు తగ్గించి చూపుతుంది. నిజానికి అంతే బరువును అంతే వేగంతో నడపడానికి అయ్యే ఖర్చు ఇంచుమించు మారదు.

పెడల్ మీద కాళ్లు పెట్టే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్ ఉంటే ఈ గొడవ లేదు. సగటున 100 వాట్లతో గంట తొక్కితే పెడల్ మీద జరిగిన పని 360 కిలోజౌళ్లు. శరీరం ఖర్చుపెట్టిన శక్తిలో నాలుగో వంతుకు కాస్త తక్కువే పెడల్‌కు చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది. ఒక కేలరీకి 4.18 కిలోజౌళ్లు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో, తొక్కినన్ని కిలోజౌళ్లను ఉజ్జాయింపుగా అన్ని కేలరీలనుకోవచ్చు.

రాబడి సంగతి అది. ఇక పోయే దారులు. ఆరు శాతం చక్కెర ఉన్న స్పోర్ట్స్ డ్రింకు అర లీటరు తాగితే 30 గ్రాముల చక్కెర, 120 కేలరీలు. అరగంట తొక్కి సంపాదించిన 200లో సగానికి పైగా ఒక్క సీసాలో తీరిపోయింది. గంటలోపు తొక్కేవాళ్లకు మంచినీళ్లు చాలు. కంటికి కనిపించని దారి మరొకటుంది. పొద్దున్నే తొక్కాం కదా అని మిగతా రోజంతా మెట్లకు బదులు లిఫ్టు, నడకకు బదులు కుర్చీ. ఇది అలసట వల్ల తెలియకుండానే జరుగుతుంది. ఫోన్‌లో అడుగుల లెక్క ఉంటే సైకిల్ తొక్కిన రోజునూ తొక్కని రోజునూ పక్కపక్కన పెట్టి చూస్తే బయటపడుతుంది.

మరి బరువెలా చూసుకోవాలి? పొద్దున లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినక తాగక ముందు, రోజూ ఒకే రకం పలుచని దుస్తుల్లో చూసుకోవాలి. మెషిన్ గట్టి నేల మీదే ఉండాలి. చాప మీదో తివాచీ మీదో పెడితే అంకె మారిపోతుంది. ఏ రోజు అంకెనూ పట్టించుకోకుండా ఏడు రోజుల సగటు రాసుకోవాలి. మొదటి నాలుగు వారాల సగటులతో ఏ నిర్ణయానికీ రావద్దు. నాలుగో వారపు సగటునూ ఎనిమిదో వారపు సగటునూ పోల్చాలి. నెలసరి ముందు నీరు పట్టి కిలో దాకా, కొందరికి ఇంకా ఎక్కువ పెరుగుతుంది కాబట్టి, ఆడవాళ్లు ఈ నెల ఏ రోజుల్లో చూశారో వచ్చే నెల అవే రోజులతో పోల్చుకోవాలి. కండబలం కోసం తీసుకునే క్రియాటిన్ పొడి వాడుతుంటే మరో కిలో నీరు దాని లెక్క.

అంతకంటే నమ్మదగింది కొలత టేపు. కింది పక్కటెముక అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, నేలకు సమాంతరంగా టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాగితే మోసపోయేది మనమే. బరువు కదలకుండా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే కొవ్వు పోతోందనే అర్థం. కొవ్వు శాతం చూపే మెషిన్లను తొక్కి రాగానే ఎక్కొద్దు. అవి పాదాల గుండా సన్నని కరెంటు పంపి, దానికి ఎదురయ్యే నిరోధాన్ని బట్టి అంచనా కడతాయి. ఒంట్లో నీరు తగ్గితే నిరోధం పెరిగి, కొవ్వు పెరిగినట్టు చూపిస్తాయి.

తొక్కక ముందూ తర్వాతా తూగడం వల్ల ఒక ఉపయోగం మాత్రం ఉంది. బయల్దేరేటప్పుడు 70.4 కిలోలు, వచ్చాక చెమట తుడుచుకుని చూస్తే 69.5, మధ్యలో తాగింది అర లీటరు అనుకుందాం. పోయిన చెమట 0.9కి 0.5 కలిపి 1.4 లీటర్లు. తర్వాతిసారి ఎన్ని నీళ్లు తీసుకెళ్లాలో దీన్నిబట్టి తెలుస్తుంది. తిరిగొచ్చాక బరువు పెరిగి ఉంటే మాత్రం అవసరానికి మించి తాగినట్టే. గంటల తరబడి అలా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

కొన్ని మార్పులు సైకిల్ ఖాతాలో వేయకూడనివి. సాక్సు పట్టీ చార ఎవరికైనా పడుతుంది. కానీ మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి వదిలాక గుంట అలాగే ఉండిపోతే, ఆయాసం కూడా ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గుండె జబ్బున్నవాళ్లు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆలస్యం చేయొద్దు. తగ్గాలనుకోకుండానే ఆరు నెలల్లో బరువులో అయిదు శాతం పోయినా పరీక్ష చేయించుకోవాల్సిందే. సైకిల్ పుణ్యమని సంబరపడే రకం తగ్గుదల కాదది. ఇన్సులిన్ గానీ, చక్కెరను పడగొట్టే మాత్రలు గానీ వాడేవాళ్లు సైకిల్ మొదలుపెట్టే ముందే మోతాదు గురించి అడగాలి. కొత్తలోనే ఒళ్లు మరచి తొక్కాక మూత్రం డికాక్షన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరోగ్య శీర్షిక నిర్వహించేవారికి ఒక మనవి. సైక్లింగ్ గురించి రాసినప్పుడు గంటకు ఎన్ని కేలరీలన్న అంకె పక్కనే అది ఎంత బరువున్న మనిషికి, ఎంత వేగానికి, కూర్చున్నా ఖర్చయ్యేది తీసేశాకా తీయకముందా అన్నది కూడా ప్రచురించండి. మొదటి నెలలో బరువు పెరగవచ్చన్న ఒక్క వాక్యం ఆ వ్యాసంలో మొదటి పేరాలోనే ఉంటే, మూడో వారంలో గోడకు చేరే సైకిళ్లు కొన్నైనా తగ్గుతాయి.

— సైకిల్ శిక్షణ ఇచ్చే ఒక పాఠకుడు