విండ్ టన్నెళ్ల లెక్క తేల్చండి

సంపాదకుడు గారికి,

ఓర్వకల్లు మండలంలోని డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రం పుణ్యమా అని మన కర్నూలు పేరు తరచూ వార్తల్లోకి వస్తోంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్నీ, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణినీ ఇక్కడే పరీక్షించారు. సంతోషమే. అయితే ఆకాశంలో చేసే పరీక్ష చివరి మెట్టు. అంతకుముందు విండ్ టన్నెల్లో, అంటే చిన్న మోడల్ మీదికి వేగంగా గాలి వదిలి దాని మీద పడే బలాలు కొలిచే సొరంగంలో, జరగాల్సిన పని చాలా ఉంటుంది.

బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాల (ఎన్‌ఏఎల్)లో ఉన్న 1.2 మీటర్ల ట్రైసోనిక్ (ధ్వని వేగానికి తక్కువ, దరిదాపు, ఎక్కువ వేగాల్లో పరీక్షించే) టన్నెల్ 1967 నాటిది. ట్యాంకుల్లో నింపిన గాలిని ఒక్కసారిగా వదిలే రకం. ఒక్కో రన్ కొన్ని పదుల సెకన్లే, మళ్లీ ట్యాంకులు నిండేదాకా ఆగాలి. పైగా అందులో పట్టే చిన్న మోడల్‌కు రేనాల్డ్స్ సంఖ్య (వేగం, పరిమాణం, గాలి జిగటలను కలిపి ప్రవాహ తీరు చెప్పే అంకె) అసలు విమానం కంటే బాగా తక్కువ. దాంతో రెక్క మీద గాలి పొర ఎక్కడ విడిపోతుందో తప్పుగా తేలుతుంది. అందుకే గాలి పొర అసలు విమానం మీద లాగే అల్లకల్లోలంగా మారేలా రెక్క ముందంచు వెనకాల సన్నని గరుకు పట్టీ అతికిస్తారు. ఆ పట్టీలోని రేణువు కాస్త పెద్దదైనా డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) లెక్క చెడుతుంది. మోడల్ పెంచుదామా అంటే టన్నెల్ గోడల ప్రభావం కొలతల్లో కలుస్తుంది. కంప్యూటర్ సిమ్యులేషన్ ఉందిగా అంటారు కొందరు. స్టాల్ (రెక్క ఎత్తే బలం పడిపోయే స్థితి) దగ్గర దాని మాట నమ్మాలన్నా పోల్చి చూసుకోవడానికి టన్నెల్ కొలతలే దిక్కు.

కొత్త టన్నెళ్లకు శంకుస్థాపన చేసే ముందు ప్రభుత్వం ఉన్నవాటి పట్టిక బయటపెట్టాలి. ఏ టన్నెల్ ఏడాదికి ఎన్ని గంటలు నడిచింది, ఎందుకు ఆగింది, బలాలు కొలిచే బ్యాలెన్స్‌ను చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు (తెలిసిన బరువులతో సరిచూశారు), వరుసలో ఎన్ని ప్రాజెక్టులున్నాయి అన్నది తెలియాలి. బుకింగులు తగ్గిన ఏడాది నిర్వహణ నిధులకు కోత పెడితే వాల్వులు, సీళ్లు పాడవుతాయి, చేయి తిరిగిన టెక్నీషియన్లు వెళ్లిపోతారు. ఆ ఖర్చును పరీక్ష రుసుముల మీద వదిలేయకుండా బడ్జెట్లోనే చూపాలి.

– ఏరోనాటికల్ ఇంజినీర్లు, కర్నూలు