మూడో పేరా గురించి మంత్రిగారికి మరో ఉత్తరం

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ మంత్రివర్యులకు,

అయ్యా, నమస్కారాలు.

మాలాంటి దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చి 24న మరోసారి తీర్మానం చేసి పంపినా కదలనిది ఒక ఉత్తరానికి కదులుతుందా? అనుమానమే. అయినా రాస్తున్నాం.

1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా, అదే హిందువు కానివాడు ఎస్సీ కాడన్న పేరా, మీకు కంఠతా వచ్చే ఉంటుంది. సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో దాన్ని సవరించారు. సంతోషం, వాళ్లకు న్యాయమే జరిగింది. మా వంతు వచ్చేసరికే కలంలో సిరా అయిపోయింది.

కతోలికుల విశ్వాసం మనసులోనే ఉండిపోదు, పుస్తకంలోకి ఎక్కుతుంది. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 867వ సూత్రం ప్రకారం బిడ్డ పుట్టిన కొద్ది వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించాలి. 877 ప్రకారం బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ, చోటు అన్నీ విచారణ (గుడి పరిధి) గురువు వెంటనే రిజిస్టరులో రాయాలి. భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం), పెళ్లి కూడా ఆ పద్దు పక్కనే ఎక్కాలి. పెళ్లి వేరే ఊరి గుడిలో జరిగితే ఆ కబురు జ్ఞానస్నానం ఇచ్చిన విచారణకు చేరాలి. అంటే నియమం తప్పని కతోలిక మాల, మాదిగ కుటుంబం తన మీద సాక్ష్యాన్ని తానే బీరువాలో భద్రంగా పెట్టిస్తోంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు, వీఆర్వో, ఆర్‌ఐ విచారణ, తహశీల్దార్ సంతకం. మతం గడిలో హిందూ అని ఉంటే ఎస్సీ, రిజర్వేషన్ నూటికి 15. క్రైస్తవం అని ఉన్నది ఉన్నట్టు రాస్తే బీసీ-సి, నూటికి ఒకటి. చట్టసభల ఎస్సీ సీట్ల దరిదాపుల్లోకి కూడా పోలేం. అందుకే బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. ఇది మోసమని దెప్పేవాళ్లు, ఆ గడిని అలా గీసిందెవరో కూడా ఒకసారి చూడాలి. ఏళ్ల తర్వాత పోటీలో ఓడినవాడెవడో జ్ఞానస్నాన పత్రం నకలు సంపాదించి ఫిర్యాదు పెడతాడు. కుల ధ్రువపత్రాల మీద రాష్ట్రం చేసిన 1993 నాటి 16వ చట్టం కింద కలెక్టర్ సర్టిఫికెట్ రద్దు చేస్తారు. దానితోపాటే ఉద్యోగమూ పోతుంది.

ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన పుదుచ్చేరి యువతిని కాదంటూ 2024 నవంబరులో సుప్రీంకోర్టు చూసిన ఆధారాల్లో విల్లియనూరు లూర్దుమాత గుడిలో 1991 జనవరి 6న జరిగిన జ్ఞానస్నానం ఒకటి. అప్పటికి ఆమెకు మూడు నెలలైనా నిండలేదు. ఆ పసికందు ఏ ఆశతో మతం మారిందో మీ శాఖే చెప్పాలి.

క్రైస్తవంలో ఉన్న మనిషి తిరిగి హిందువై, కులంవాళ్లు కలుపుకుంటే ఎస్సీ హోదా మళ్లీ వస్తుందని 2015లో కె.పి. మను కేసులో అదే కోర్టు చెప్పింది. మరి మధ్యలో ఆ కులం ఎక్కడికి పోయినట్టు? గుడి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి, వెళ్లేటప్పుడు తొడుక్కునేదా?

క్రైస్తవంలోకి వచ్చాక కూడా వివక్ష అంతే తీవ్రంగా ఉందని చూపాలని 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు అడిగింది. సూసై చెప్పులు కుట్టుకునే మనిషి. హిందువులైన తోటి పనివాళ్లకు సర్కారు ఇచ్చిన బంకు తనకు రాలేదని కోర్టుకెక్కాడు. అడిగిన రుజువు ఇదిగో: శ్రీసభలోనే దళితుల పట్ల వివక్ష ఉందని 2016లో కతోలిక పీఠాధిపతుల సమాఖ్య తన విధాన పత్రంలో రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఒప్పుకోవడం మాకూ సిగ్గుచేటే. తిరుచిరాపల్లి మేలపుదూరు శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేసే అడ్డుగోడ చాలదా? ఇక ఊళ్లో కొట్టేవాడు మాలపల్లె ఏదో, మాదిగపల్లె ఏదో చూసి వస్తాడు, రిజిస్టరు తిరగేసి రాడు. కానీ అట్రాసిటీ చట్టం కింద డీఎస్పీ దర్యాప్తు, ముందస్తు బెయిలు నిరాకరణ మాత్రం మాకు లేవు. ఆ చట్టం క్రైస్తవుడికి వర్తించదని 2025లో మన హైకోర్టే తేల్చింది.

పరాయి మతమంటారు, దేశభక్తి గురించి అడుగుతారు. పన్ను కట్టడం, ఓటు వేయడం, దేశాన్ని కాపాడటం విశ్వాసి నైతిక బాధ్యత అని మా సత్యోపదేశం (శ్రీసభ బోధనల గ్రంథం) 2240వ పేరా చెబుతోంది. ఆగస్టు 15 మాకు మరియమాత మోక్షారోపణ పండుగ కూడా. ఎన్నో విచారణల్లో పూజ కాగానే గుడి ఆవరణలోనే జెండా ఎగురుతుంది. అయిదు రోజుల ముందు, ఆ ఉత్తర్వు వచ్చిన ఆగస్టు 10న, అదే ఆవరణలో నల్ల జెండా కడతారు. రెండు జెండాలూ కట్టేది ఒకే చేతులు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమంది. ఆ నివేదిక మీకు నచ్చలేదు. 2022 అక్టోబరులో ఇదే సంగతి చూడమని బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేళ్లన్నారు. 2024లో ఏడాది పెంచారు. 2025 అక్టోబరు 10తో ఆ ఏడాదీ నిండింది. ఇటు మూడో పేరాను సవాలు చేసిన 2004 నాటి పిటిషన్ సుప్రీంకోర్టులో నలుగుతూనే ఉంది.

బాలకృష్ణన్ కమిషన్ నివేదికను పార్లమెంటు ముందు పెట్టండి. మూడో పేరా తీసేయండి. అంతవరకూ కనీసం పసిబిడ్డ జ్ఞానస్నానాన్ని ఆ బిడ్డ మీదే సాక్ష్యంగా వాడొద్దని రాష్ట్రాలకు ఒక సర్క్యులరైనా పంపండి. అది కూడా కుదరదంటే, కుదరదనే రాసి పంపండి. దాన్ని కూడా రిజిస్టరులో ఎక్కిస్తాం.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్ దళిత కతోలిక విశ్వాసులు కొందరు