బోళ్ల మెషిన్ కింద తడి

హనుమకొండ,
ఆదివారం.

చి. సౌ. బిడ్డకు,

బాపు ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నా మాట పూర్తి కాకముందే "వాపస్ పంపెయ్ బాపూ, నేను కంప్లయింట్ పెడతా" అన్నావు. పెట్టేశావు కూడా. అందుకే ఉత్తరం రాస్తున్నాను, ఇందులోనైతే నాకు అడ్డం రాలేవు. బోళ్లు తోమే మెషిన్‌ను వాపస్ పంపే పని లేదు. లీకు ఆగింది.

మెషిన్ బిగించి వెళ్లిన రాత్రే మీ అమ్మ బోళ్లు సర్ది బటన్ నొక్కి పడుకుంది. పొద్దున చూస్తే మెషిన్ ముందు కాళ్ల దగ్గర చాపంత మేర తడి. "బోళ్లు అది తోముతుంటే బండలు నేను తుడవాల్నా?" అని నా మీదికి వచ్చింది, కొన్నది నేనైనట్టు. సర్వీసు అబ్బాయి వచ్చి డోరు రబ్బరు చూసి, ఇది ప్లంబర్ పని అన్నాడు. ప్లంబర్ ఇంటికి రాకుండానే, మెషిన్‌దే తప్పన్నాడు. వాళ్లిద్దరి మధ్య నాలుగు రోజులు మీ అమ్మ పాత చీర పరిచి పెట్టింది.

నాకూ మొదట డోరు మీదే అనుమానం. మెషిన్ ముందుకు వాలి ఉంటే డోరు కింది అంచు నుంచి నీళ్లు కారతాయి. లెవెల్ పెట్టి చూశాను, సమంగానే ఉంది. మామూలు బోళ్ల లిక్విడ్ పోసినా నురగ పొంగి సందుల్లోంచి వస్తుంది. అలా పోశావా అని అడిగి తిట్లు తిన్నాను. దానికి వేరే పొడి ఉందని ఆమెకు నాకంటే ముందే తెలుసు.

నేను పాకాల చెరువు కట్ట మీద పని చేసిన రోజులు నీకు గుర్తుండవు, చిన్నదానివి. కట్ట అవతల ఎక్కడో నీరు ఊరేది. అక్కడ తవ్వితే ఏమీ దొరికేది కాదు. నీరు లోపలివైపు ఏ ఎండ్రికాయ బొక్కలోనో దూరి, మెత్తటి మట్టి వెతుక్కుంటూ వచ్చి, పల్లం ఉన్న చోట తేలేది. అక్కడి నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునే ముసలాయన, ముందుగా దాని రంగు చూసేవాడు. తేటగా ఉంటే అంత తొందర లేదు. మట్టితో కలిసి వస్తే మాత్రం కట్ట లోపల కోసుకుపోతున్నట్టే, బుంగ పడకముందే పరుగెత్తాలి.

నేనేమో నాలుగు రోజులు రంగు చూడకుండా తుడిపించాను.

ఐదో రోజు మెషిన్ చుట్టూ, వెనక సింకు కింద కూడా, పొడి పేపర్లు పరిచాను. స్టూలు వేసుకుని టార్చి పట్టుకుని కూర్చున్నాను. మెషిన్ నీళ్లు తీసుకుంటున్నంతసేపు పేపర్లు పొడిగానే ఉన్నాయి, అంటే కుళాయి వైపు లీకు లేదు. లోపల చిమ్ముతున్నప్పుడూ పొడిగానే ఉన్నాయి, అంటే డోరు మంచిదే. తర్వాత వాడిన నీళ్లు బయటికి తోసే మోటారు గుర్రుమంది. మరుక్షణం సింకు కింద పేపరు మీద పసుపు మరక! ముట్టుకుంటే వెచ్చగా, జిడ్డుగా ఉంది. పప్పు గిన్నె పసుపు అది. కుళాయి నీళ్లకు పసుపు ఎక్కడిది చెప్పు.

చూస్తే, మెషిన్ వేస్ట్ పైపును సింకు గొట్టానికి ఊరికే తొడిగి వదిలేశారు, క్లిప్ లేదు. మోటారు తోసిన ప్రతిసారీ నాలుగు చుక్కలు చిమ్ముతున్నాయి, ఒక్క వాష్‌లో అలా చాలాసార్లు తోస్తుంది. మన వంటింటి బండల వాలు బాల్కనీ వైపు కదా, ఆ నీళ్లు మెషిన్ కింది నుంచి ముందుకు వచ్చి తేలుతున్నాయి.

ఇంకో గుర్తు ముందే ఉంది, నేనే పట్టించుకోలేదు. మన మోడల్‌కు అడుగున ఒక ట్రే, అందులో థర్మోకోల్ ముక్క లాంటిది ఉంటాయి. లోపల ఎక్కడ కారినా నీళ్లు ట్రేలో చేరి, ఆ ముక్క పైకి తేలి స్విచ్ నొక్కుతుంది, మెషిన్ ఆగిపోతుంది. మనది ఒక్కసారి కూడా ఆగలేదు.

చౌరస్తాలో హార్డ్‌వేర్ షాపు నుంచి క్లిప్ తెచ్చి బిగించాను. ప్లగ్గు తీసేశాకే ముట్టుకున్నాను, నమ్మకపోతే అమ్మను అడుగు. పైపు కూడా నేల మీద పడి ఉంది. దాన్ని ఎత్తి ప్లాట్‌ఫాం అడుగుకు తాకేలా వంచి కట్టాను. చెరువు మత్తడి లెక్కన్నమాట, ఆ ఎత్తు దాటితేనే నీరు అవతలికి పోతుంది. లేకపోతే సింకు మురికి వెనక్కి మెషిన్‌లోకి రావచ్చు. కుళాయి వైపు ప్లంబర్ తెల్ల టేపు కుప్పలుగా చుట్టాడు. లోపల రబ్బరు వాచరు ఉన్నచోట అది అక్కర్లేదు. కానీ కారట్లేదు కాబట్టి నేను కెలకలేదు.

మూడు వాష్‌లు అయ్యాయి, పేపర్లు పొడిగానే ఉన్నాయి. మన బోరు నీళ్లకు గ్లాసుల మీద తెల్లగా పడుతుందని మెషిన్ ఉప్పు కూడా పోశాను. "బోళ్లకు ఉప్పేంది?" అని అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. సర్వపిండి గంజు మాత్రం దాంట్లో పెట్టనివ్వదు. అది మంచిదే, అల్యూమినియం నల్లబడుతుంది.

బతుకమ్మకు రెండు రోజులు ముందే రండి. ఆ కంప్లయింట్ రేపే రద్దు చెయ్యి, రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి లీకు ఎంత ఉందని అడుగుతున్నారు.

ఇట్లు,
బాపు