అప్పు సడలింపు నుంచి బయటికొచ్చే దారి కూడా రాసివ్వాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అప్పు కట్టలేక చితికిపోయిన వాళ్ల గురించి, రికవరీ ఏజెంట్ల వేధింపుల గురించి పత్రికల్లో తరచూ చదువుతుంటాం. రాయాల్సిన విషయాలే. అయితే ఆ తర్వాతి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగం పోయినప్పుడు ఈఎంఐ తగ్గించుకున్న మనిషికి కొన్నాళ్లకు మళ్లీ మంచి జీతం వస్తుంది. మూతపడిన దుకాణం తెరుచుకుని నాలుగు డబ్బులు మిగులుతాయి. అప్పుడు ఆయన బ్యాంకుకొచ్చి, ‘నాకిచ్చిన వెసులుబాటు ఇక అక్కర్లేదు, పూర్తిగా కట్టేస్తాను, నా రికార్డు సరిచేయండి’ అంటాడు. డబ్బు కడతానని వచ్చిన మనిషిని కూర్చోబెట్టి సమాధానం చెప్పేవాళ్లు దొరకడం ఎంత కష్టమో, అప్పుల విభాగంలో పనిచేసి రిటైరైన నాకు బాగా తెలుసు.

వ్యక్తులకిచ్చే రిటైల్ అప్పయినా, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్ (నిర్ణీత గడువులో వాయిదాల్లో తీర్చే అప్పు) అయినా ఇచ్చే ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. వడ్డీ ఎంత, ఛార్జీలన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. మంచి పని. లోపలికెళ్లే తలుపు మీద బోర్డు పెట్టారు. కానీ అదే మనిషి కష్టాల్లో పడి అప్పును రీస్ట్రక్చర్ చేయించుకున్నప్పుడో (అంటే గడువు, వాయిదాలు మార్పించుకున్నప్పుడో), కొంత కట్టి మిగతాది వదిలేయించుకునే సెటిల్‌మెంటుకు సంతకం పెట్టినప్పుడో, పరిస్థితి బాగుపడితే ఎలా బయటికి రావాలో చెప్పే కాగితం ఇవ్వాలన్న నియమం లేదు. ఈ ఉత్తరం ఆ కాగితం గురించే.

రీస్ట్రక్చరింగ్ సంగతే చూద్దాం. కోవిడ్ కాలంలో రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టులో ఒకసారి, 2021 మేలో మరోసారి దీనికి వీలు కల్పించింది. అప్పు గడువును రెండేళ్ల దాకా పొడిగించుకునే అవకాశం చాలామందికి ఊపిరి పోసింది. ఆ వెసులుబాటు ఖరీదు మాత్రం తక్కువేమీ కాదు. పది లక్షల అప్పు, 12 శాతం వడ్డీ అనుకోండి. అయిదేళ్లలో తీర్చేట్లయితే ఈఎంఐ సుమారు 22,244 రూపాయలు. అదే ఏడేళ్లకు పెట్టుకుంటే 17,653. నెలకు 4,600 దాకా మిగిలినట్టు కనిపిస్తుంది. మొత్తం మీద కట్టే వడ్డీ మాత్రం దాదాపు 1.48 లక్షలు పెరుగుతుంది. చేతిలో డబ్బాడని రోజుల్లో ఇది తప్పదు, తప్పు కూడా కాదు. జీతం పెరిగాక కూడా అదే ఈఎంఐ కడుతూ పోతేనే నష్టం. అలా పోయేవాళ్లే ఎక్కువ. ఈఎంఐ ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంటుంది, ఇంకెవరికి గుర్తుంటుంది? పరిస్థితి ఎలా ఉందని బ్యాంకు ఫోన్ చేసి అడగదు. కొత్త పర్సనల్ లోన్ కావాలా అని మాత్రం వారానికోసారి అడుగుతుంది!

ఇక్కడ కనీసం దారి ఉంది. వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) టర్మ్ లోన్లను ముందే తీరిస్తే ఛార్జీ వేయకూడదని 2014 నుంచే నిబంధన ఉంది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన, రెన్యూ అయిన అప్పులకు సంబంధించి ఈ రక్షణను చిన్న వ్యాపారులకు కూడా చాలావరకు వర్తింపజేశారు. పర్సనల్ లోన్లలో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ వడ్డీవి కాబట్టి అక్కడ బ్యాంకు తన షరతుల ప్రకారం ఛార్జీ వేయొచ్చు. ఆ ఛార్జీ ఎంతో, మిగిలే వడ్డీ ఎంతో పక్కపక్కన వేసి చూసుకోవాలి. కొంత మొత్తం ముందుగా కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించమంటున్నారా, గడువు తగ్గించమంటున్నారా అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. వడ్డీ బాగా కలిసొచ్చేది గడువు తగ్గించినప్పుడే. ఈ ఒక్క మాట కౌంటర్ దగ్గర అతికించినా ఎంతోమందికి మేలు జరుగుతుంది.

అసలు చిక్కంతా సెటిల్‌మెంట్ దగ్గరే. ఒకరు మూడు లక్షలు బాకీ ఉన్నారనుకుందాం. బ్యాంకు 1.80 లక్షలకు ఒప్పుకుని 1.20 లక్షలు వదులుకుంది. ఆ మనిషి ఆ రోజుకు గట్టెక్కాడు. కానీ మన అప్పుల చరిత్ర చూపించే క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని పడదు, ‘సెటిల్డ్’ అని పడుతుంది. క్రెడిట్ సమాచార సంస్థలు ఈ వివరాలను కనీసం 7 ఏళ్లు ఉంచాలి. రాజీ సెటిల్‌మెంట్ల మీద 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, వ్యవసాయేతర అప్పుల్లో సెటిల్ చేసుకున్న వాళ్లకు ఆ అప్పిచ్చిన సంస్థ మళ్లీ అప్పు ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి. అంతకంటే ఎక్కువ పెట్టుకునే స్వేచ్ఛ బ్యాంకు బోర్డుకు ఉంది. ఇందులో అన్యాయమేమీ లేదు, నష్టం భరించింది బ్యాంకే కదా.

రెండేళ్లు గడిచాక అదే మనిషి ఇంటి లోనుకు వెళ్తే, పాత సెటిల్‌మెంటు బాకీ తీర్చి ‘నో డ్యూస్’ (బాకీ లేదన్న పత్రం) తెమ్మంటారు. ఆయన సిద్ధమే. అయితే ఎంత కట్టాలి? వదులుకున్న 1.20 లక్షలేనా, దాని మీద ఈ రెండేళ్ల వడ్డీ కూడానా? పెనాల్టీల సంగతేంటి? బ్రాంచిలో అడిగితే ఖాతా మూసేశాం, రికవరీ విభాగాన్ని అడగమంటారు. వాళ్లు హెడ్డాఫీసు పేరు చెప్తారు. ఒకవేళ సెటిల్ కాక ముందే అప్పును మొండిబాకీలు కొనే ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్మేసి ఉంటే, ఎవరికి కట్టాలన్నదే పెద్ద ప్రశ్న. కొన్ని బ్యాంకులు మిగతా మొత్తం తీసుకుని రిపోర్టులో ‘క్లోజ్డ్’గా మారుస్తాయి. ఇది చాలామంది ఖాతాదారులకు తెలియదు, చెప్పాల్సిన పద్ధతి కూడా ఎక్కడా లేదు. మేనేజరు మంచివాడైతే పని జరుగుతుంది. లేకపోతే ఆ మనిషి చెప్పులరిగేలా తిరగాల్సిందే.

డబ్బు కట్టాక కూడా రిపోర్టు మారకపోతే ఏం చేయాలో నియమం స్పష్టంగానే ఉంది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోపు సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో ఆదేశాలొచ్చాయి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇంటి పత్రాలు తాకట్టులో ఉంటే, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో తిరిగివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు. అంటే చివరి మెట్టు దగ్గర రక్షణ ఉంది. ఆ మెట్టు దాకా ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లే లేరు.

ఈ ఖాళీలోకే సెటిల్‌మెంట్ కంపెనీలు దూరాయి. ఫోన్ తెరిస్తే వాళ్ల ప్రకటనలే. ‘ఈఎంఐలు ఆపేయండి, నెలనెలా మాకు కొంత కట్టండి, బ్యాంకులతో మేం మాట్లాడతాం, సగానికి తీర్చేస్తాం’ అంటారు. బ్యాంకులకూ, బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థలకూ (ఎన్‌బీఎఫ్‌సీలు) ఉన్నట్టు రిజర్వు బ్యాంకు లైసెన్సు ఈ వ్యాపారానికి లేదు. వాళ్ల మాట విని ఈఎంఐ ఆపేస్తే 90 రోజులకు ఖాతా మొండిబాకీ అవుతుంది. ఫీజు కంపెనీకి, మచ్చ మనకు. సగంలో జీతం పెరిగి, ‘ఇక నేనే బ్యాంకుతో మాట్లాడుకుంటాను’ అన్నవాళ్లకు అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. ఇప్పటిదాకా కట్టిన ఫీజులో ఎంత వెనక్కొస్తుంది, జమ చేసిన డబ్బు ఎవరి పేర ఉంది, మన తరఫున మాట్లాడమని ఇచ్చిన అధికార పత్రం ఎలా రద్దవుతుంది అన్నవి ఒప్పందంలో వెతికినా కనబడకపోవచ్చు. ఇలాంటి చోట చిక్కుకున్నవాళ్లు ఆ అధికారాన్ని రద్దు చేస్తున్నట్టు కంపెనీకీ, అప్పిచ్చిన ప్రతి బ్యాంకుకీ విడివిడిగా మెయిల్ పెట్టి, బాకీ స్టేట్‌మెంట్ నేరుగా బ్యాంకు నుంచే తీసుకోవడం మంచిది. కంపెనీ పంపిన లెక్క మీద పైసా కూడా కట్టొద్దు.

ఇంకో మాట చెప్పకపోతే ఈ ఉత్తరం ఏకపక్షమవుతుంది. జీతం పెరిగిన మొదటి నెలలోనే పాత ఏర్పాటంతా వదిలేసి పెద్ద ఈఎంఐకి ఒప్పుకోవడం తెలివైన పని కాదు. కొన్ని నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పడ్డాకే కదలాలి. ముఖ్యంగా సెటిల్‌మెంట్ వాయిదాలు నడుస్తుండగా కట్టడం ఆపేస్తే, బ్యాంకు ఇచ్చిన రాయితీ రద్దయి పాత బాకీ మొత్తం మళ్లీ మీద పడుతుంది. చాలా సెటిల్‌మెంట్ లెటర్లలో ఈ షరతు ఉంటుంది. కాబట్టి వాయిదాలు కడుతూనే, మిగతాది కూడా తీరుస్తానని ముందుగా రాసిచ్చి, బ్యాంకు జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. ఫోన్లో ఎగ్జిక్యూటివ్ ‘సరేనండీ’ అన్నంత మాత్రాన చెల్లదు.

నేను కోరేది కొత్త చట్టం కాదు. రీస్ట్రక్చర్ చేసినా, సెటిల్ చేసినా ఆ రోజే ఒక పేజీ కాగితం ఖాతాదారు చేతిలో పెట్టాలి. ముందుగా బయటికి రావాలంటే ఎవరిని కలవాలి, ఏ తేదీకి ఎంత కట్టాలో ఎన్ని రోజుల్లో చెప్తారు, వదులుకున్న మొత్తాన్ని తర్వాత కడితే తీసుకుంటారా, తీసుకుంటే దాని మీద వడ్డీ పడుతుందా, రిపోర్టులో ఏమని మారుస్తారు, అప్పు అమ్మేస్తే ఆ సంగతి ఎలా తెలియజేస్తారు అన్నవి అందులో మనకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. తీసుకోబోమంటే తీసుకోబోమనే రాయండి, ఫర్వాలేదు. తెలియకపోవడం కంటే అది నయం. సెటిల్‌మెంట్ల మీద ప్రతి బ్యాంకుకూ బోర్డు ఆమోదించిన పాలసీ ఉండాలన్నది ఇప్పటికే ఉన్న నియమం. అందులో ఈ భాగాన్ని చేర్చి వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఖర్చేమవుతుంది?

సెటిల్‌మెంట్ కంపెనీల విషయంలో రిజర్వు బ్యాంకు, కేంద్ర ఆర్థిక శాఖ కలిసి ఎవరి పరిధో తేల్చాలి. అది తేలేదాకా వసూలు చేసే ఫీజు, మధ్యలో మానుకుంటే వెనక్కిచ్చే మొత్తం ప్రకటనలోనే చెప్పాలని షరతు పెట్టవచ్చు.

2009లో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యతతో పాటు అప్పుల సలహా కూడా ఇచ్చే కేంద్రాలకు నమూనా పథకం తయారుచేసింది. తర్వాత 2012లో మార్గదర్శకాలు మారి, అక్షరాస్యత మిగిలి సలహా వెనక్కి వెళ్లింది. ఖాతా ఎలా తెరవాలో చెప్పే శిబిరాలు అవసరమే. ఆ కేంద్రాల్లోనే వారానికి ఒక రోజు అప్పుల నుంచి బయటపడే దారి చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల బ్యాంకర్ల సమితులు తలచుకుంటే దీన్ని జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్ల ద్వారా ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఆ సమితుల సమావేశాల వార్తలు మీ పత్రికలో వస్తుంటాయి. ఈసారి సమావేశం జరిగినప్పుడు, ఎన్ని కోట్ల అప్పులిచ్చారన్న లెక్కతో పాటు ఈ ప్రశ్న కూడా మీ విలేకరి అడిగి, వాళ్లేం చెప్పారో రాయగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి