నాలుగు పేజీల నోట్సు వెనక

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులకు ముందు జరిగిన మీటింగులో ఒక తండ్రి ఏడో తరగతి సోషల్ నోట్సు తెచ్చి నా ముందు పెట్టారు. "మేడమ్, నెలకి నాలుగు పేజీలే రాశాడు. పాఠాలు జరుగుతున్నాయా?" అన్నారు. అడగాల్సిన మాటే. అందుకే ఆ నెలలో ఏం జరిగిందో అందరికీ రాస్తున్నాను.

పాఠం శిలల గురించి. టీచర్ బల్ల మీద రెండు రాళ్లు పెట్టారు. ఒకటి మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, రెండోది బసాల్ట్ అనే లావా రాయి. రెండూ నల్లనివే, రెండూ కరిగిన శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడినవే. "మరి మన రాయిలోనే ఈ బంగారు చుక్కలు ఎందుకున్నాయి?" అని అడిగి ఊరుకున్నారు.

"పాలిష్ పట్టారు కాబట్టి" అన్నారు చాలామంది. ఒక అమ్మాయి లేచి, రాయిని పాలిష్ లేని వైపు తిప్పి కిటికీ వెలుతురులో పెట్టింది. అక్కడా చుక్కలున్నాయి! ఆ పీరియడ్ అక్కడితో అయిపోయింది. మర్నాడు వేడినీళ్లలో పటిక కరిగించి రెండు గ్లాసుల్లో పోశారు. ఒకటి చన్నీళ్ల గిన్నెలో పెట్టారు, ఇంకొకటి గుడ్డ చుట్టి వదిలేశారు. త్వరగా చల్లారిన దాంట్లో పొడిలాంటి పలుకులు, నిదానంగా చల్లారిన దాంట్లో పెద్దవి వచ్చాయి. మన రాయి భూమి లోపల నిదానంగా, బసాల్ట్ భూమి పైన త్వరగా చల్లారాయని పిల్లలే చెప్పారు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులని టీచర్ ఆ తర్వాతే చెప్పారు.

టీచర్ ఊరుకోవడమే ఇందులో అసలు పని. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల రికార్డింగులు విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని 1970ల్లో రాశారు. మేమంతా ఇప్పుడు అదే సాధన చేస్తున్నాం. తేలిక కాదు. తరగతి నిశ్శబ్దంగా ఉంటే జవాబు మన నోట్లోంచే వచ్చేస్తుంది.

పరీక్షల టెన్షన్ మీకుంటుంది, నాకూ ఉంది. ఎక్కాలు, పద్యాలు నోటికి రావాల్సిందే, వాటిని మానలేదు. ఇంట్లో మాత్రం బిడ్డ ఏదైనా చెప్పినప్పుడు తప్పొప్పులు వెంటనే తేల్చకుండా "నీకెందుకు అలా అనిపించింది?" అని అడిగి కాసేపు ఆగండి.

క్వారీల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు వచ్చే శనివారం మధ్యాహ్నం బడికి రండి. బండ ఎటు చీలుతుందో మీకెలా తెలుస్తుందని పిల్లలు అడగబోతున్నారు. నోట్సు తెచ్చిన ఆ తండ్రి కటింగ్ మిషన్ మీద పనిచేస్తారు. ముందుగా ఆయన్నే పిలిచాం, వస్తానన్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు