మాత్ర ఆపడానికీ ఒక చీటీ కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 మార్చి 21న రాష్ట్రమంతా ఒకేరోజు మందుల దుకాణాల మీద తనిఖీలు జరిగాయి. ఆపరేషన్ గరుడ అన్నారు. డాక్టరు చీటీ లేకుండా మత్తు మందులు అమ్మేవాళ్లను పట్టుకోవడానికి. వార్త చదివి మంచి పని చేశారనుకున్నాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కానీ ఆ తర్వాత నాలుగో రోజున మా ఊరి మందుల కొట్టు దగ్గర ఉత్త చేతులతో నిలబడింది నేనే. ఆ తనిఖీలు చేసినవాళ్లకు కనిపించని సంగతి ఒకటి చెప్పుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది విజయనగరం జిల్లా గజపతినగరం మండలం. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఆయన సాలూరు లారీ మీద డ్రైవరుగా పనిచేసేవారు. 2021 చివర్లో సుంకి ఘాట్‌లో బండి బోల్తా పడి కాలు నుజ్జయింది. నాలుగు నెలలు విశాఖ ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం. ఆయన కాలు అతుక్కుంది గానీ నా నిద్ర పోయింది. ఒక డాక్టరు గారు అలజడి తగ్గించి నిద్ర పట్టించే ఆల్‌ప్రాజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. 15 రోజులకని రాశారు. ఆ 15 రోజులు మూడేళ్లయ్యాయి. చీటీ మడతల దగ్గర చిరిగిపోతే జిరాక్స్ తీయించుకున్నాను. ఆ జిరాక్స్ కూడా పాతబడిపోయింది. మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లకపోవడం నా తప్పే, కాదనను. ఎప్పుడు ఆపాలో, ఎలా ఆపాలో మాత్రం ఆ చీటీలో ఒక్క ముక్క లేదు.

“ఏమనుకోకండి మేడమ్, కొత్త చీటీ ఉంటేగానీ ఇవ్వలేను. షాపు మూయించేస్తారు” అన్నాడు కొట్టతను. అతన్ని తప్పుపట్టను. ఆల్‌ప్రాజోలం, దాని కోవకే చెందిన డయజిపామ్, నైట్రజిపామ్ లాంటివి 2014 మార్చి నుంచి హెచ్‌1 షెడ్యూల్‌లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. ఎవరు రాశారు, ఎవరికి అమ్మారు, ఎన్ని అమ్మారు అన్నది రిజిస్టరులో ఎక్కించి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. ఇన్నాళ్లూ అతను చేసిందే తప్పు, ఆరోజు చేసింది ఒప్పు. ఆ ఒప్పు వల్ల ఏమవుతుందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

మా అత్తగారైతే సంతోషించారు. “ఆ మత్తు బిళ్లలు ఎందుకే, మానీమంటే మానవు. పోన్లే, పీడ ఒదిలింది” అన్నారు. నేనూ టీ మానేసినట్టు మానేయొచ్చనుకున్నాను. స్ట్రిప్‌లో మిగిలినవి మర్నాటికి అయిపోయాయి.

మూడో రోజు ఒంటిపూట బడి. రెండో తరగతి పిల్లలకు బోర్డు మీద ‘ఋ’ రాస్తున్నాను. కొమ్ము దగ్గరకొచ్చేసరికి సుద్దముక్క టకటకా బోర్డుకు కొట్టుకోవడం మొదలెట్టింది. చెయ్యి నాది కాదన్నట్టు ఆడుతోంది. ముందు వరుసలో పిల్ల “టీచర్, చలేస్తందా?” అని అడిగింది. మార్చి నెలాఖరు ఎండ, నా జాకెట్టు చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆ రాత్రి పక్కింట్లో కుక్కర్ విజిల్‌కి ఎగిరిపడ్డాను. ట్యూబ్‌లైటు కళ్లలో గుచ్చుకుంది. చర్మం కింద చీమలు పాకుతున్నట్టు ఉంది. రెండు రాత్రులు రెప్ప పడలేదు. పిచ్చెక్కుతోందని గట్టిగా అనిపించింది. దొడ్లో నూతి వైపు వెళ్లడానికి భయపడ్డాను. ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను, ఇంకెవరికైనా ఇలా ఉంటే వాళ్లొక్కరికే కాదని తెలియాలని.

మర్నాడు ఉగాది. పచ్చడికి వేపపువ్వు ఏరుతూ వంటింట్లో పడిపోయాను. ఫిట్స్. చేతిలో తాళాల గుత్తి పెట్టారట, ఉల్లిపాయ వాసన చూపించారట. మన వైపు ప్రతి ఇంట్లో చేసేదే ఇది, దానివల్ల ప్రయోజనమేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, 108కి ఫోన్ చేయాలని నాకు తర్వాత చెప్పారు. మావాళ్లు ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తలకు స్కానింగ్ తీశారు, అంతా నార్మల్ అన్నారు, బిల్లు మాత్రం నార్మల్‌గా లేదు. ఒక్కరంటే ఒక్కరు నువ్వు వాడే మందులేమిటని అడగలేదు. అడిగింది మర్నాడు ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సమ్మ. “నిద్రమాత్రలేమైనా వాడి మానేశావా తల్లీ?” అంది. ఆవిడకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

అక్కడి మానసిక వైద్యుడు విడమరిచి చెప్పారు. మెదడులో అలజడిని అణిచే బ్రేకు ఒకటి సహజంగానే ఉంటుంది. ఈ మాత్ర ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా తొక్కుతుంది. రోజూ మాత్ర తొక్కుతుంటే మెదడు తన బ్రేకును వదులు చేసేసుకుంటుంది. నెల తిరక్కుండానే ఇలా కావచ్చు, మూడేళ్లంటే చెప్పక్కర్లేదు. అప్పుడు మాత్ర ఒక్కసారిగా తీసేస్తే ఆపేది ఏదీ ఉండదు. వణుకు, చెమటలు, దడ, ఫిట్స్, ఒక్కోసారి ప్రాణం మీదకూ వస్తుంది. ఆల్‌ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోయే మందు, అందుకే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. పక్కన కూర్చున్న మా ఆయన అంతా విని, “అంటే లోడు బండిని న్యూట్రల్‌లో పెట్టి ఘాట్ దించినట్టే కదండీ” అన్నారు. డాక్టరు గారు నవ్వి, అవును, చిన్న గేర్లోనే దిగాలి అన్నారు.

అలాగే దిగాను. నెమ్మదిగా ఒంట్లోంచి పోయే డయజిపామ్‌కి మార్చి, రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా తగ్గించారు. అమెరికా వైద్య సంఘాలు కలిసి 2025లో ఇచ్చిన సూచనలు కూడా ఇవే: రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించాలి, రెండు వారాల్లో 25 శాతం మించి కోయకూడదు. నాకు పది నెలలు పట్టింది. మాత్రలు సగం చేసే చిన్న ప్లాస్టిక్ డబ్బా కొనుక్కున్నాను. పాత హాజరు పట్టీలో తేదీ, ఎంత వేసుకున్నాను, ఎన్ని గంటలు పడుకున్నాను అని రాసుకున్నాను. తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు దడ వచ్చేది, పోయేది. పట్టీలో వెనక్కి తిప్పి చూసుకుంటే పోయినసారి కూడా వచ్చి పోయిందని తెలిసేది. అదే పెద్ద ధైర్యం. చివరి చిన్న ముక్క మానడం అన్నిటికంటే కష్టమైంది, ఎందుకో మరి.

ఈ పది నెలల్లో తెలిసిందేమిటంటే మా చుట్టుపక్కల ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మోకాళ్ల నొప్పికి వెళ్తే నొప్పి మాత్రతో పాటు ఇదీ రాసిచ్చినవాళ్లు, భర్త పోయాక ఏడుపు ఆగడానికి మొదలెట్టి ఏడేళ్లుగా వేసుకుంటున్న పెద్దవాళ్లు. ముసలితనంలో ఈ మాత్ర మీద ఉంటే తూలి పడి తుంటి విరగ్గొట్టుకోవడం మామూలు. మానేసిన వారంలో దడ పుడితే పాత జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ అదే మాత్ర, ఇంకాస్త ఎక్కువగా. మగవాళ్లలో కొందరు మాత్ర దొరక్క క్వార్టర్ వేస్తారు. మద్యం తొక్కేదీ అదే బ్రేకు. రెండూ కలిస్తే ఊపిరే ఆగొచ్చు.

సరఫరా ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలియంది కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేసి ఆపించినప్పుడు, అందులో కలిపే డయజిపామ్, ఆల్‌ప్రాజోలం లాంటి మందులకు అలవాటుపడ్డ జనం నిజామాబాద్ లాంటి జిల్లాల్లో వందల సంఖ్యలో ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లది కల్లు, మాది డాక్టరు రాసిన మాత్ర. ఒంటికి ఆ తేడా తెలియదు.

ఈ మాత్రల పెట్టె మీద ఎర్ర గీతల మధ్య ఒక హెచ్చరిక ఉంటుంది. ఇంగ్లిషులో. డాక్టరు సలహా లేకుండా వాడితే ప్రమాదం, చీటీ లేకుండా అమ్మరాదు అని. హఠాత్తుగా మానేస్తే ప్రమాదమని అందులో లేదు. అమెరికాలో 2020 సెప్టెంబరులోనే అక్కడి ఔషధ సంస్థ ఆ మాట కూడా ప్రధాన హెచ్చరికలో చేర్చమంది. మన దగ్గర అట్ట మీద మారడానికి ఎన్నేళ్లు పడుతుందో గానీ, మా జిల్లా వైద్యాధికారులు తలుచుకుంటే రేపే చేయగలిగినవి ఉన్నాయి. ఈ మాత్ర మొదలుపెట్టే డాక్టరు ఎన్నాళ్లకో, తర్వాత ఎలా తగ్గించాలో అదే చీటీ మీద రాయాలి. కొట్టతను లేదన్నప్పుడు ఉత్త చేతులతో పంపకుండా “ఒక్కసారిగా మానకండి, ఫలానా చోటికి వెళ్లండి” అని తెలుగులో అచ్చేసిన కాగితం ముక్క ఇవ్వాలి. ఆ ఫలానా చోటు ముందు ఉండాలి కదా! మానసిక వైద్యుడి కోసం ప్రతివారూ విజయనగరమో విశాఖో పరిగెత్తకుండా, మెల్లగా దించడం ఎలాగో పీహెచ్‌సీ డాక్టర్లకు నేర్పించి, తగ్గించే మోతాదులు అక్కడే ఇప్పించాలి. నాకు ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఒక సెలవు పోయేది. కూలికి వెళ్లే మనిషికి కూలి పోతుంది, రెండోసారికి మానేస్తాడు.

ఇది చదివి రేపటి నుంచే మాత్ర మానేద్దామని ఎవరైనా అనుకుంటే దయచేసి ఆ పని చేయకండి. రోజూ వేసుకునేది వేసుకుంటూనే, స్ట్రిప్ అయిపోకముందే డాక్టరు దగ్గరకు వెళ్లండి. వెళ్లే వీలు లేకపోతే మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పటికే మానేసి వణుకు, మాట తడబాటు మొదలైతే మాత్రం ఫోన్లో కబుర్లు వద్దు, 108 పిలిచి వాళ్లకు ఖాళీ స్ట్రిప్ చూపించండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)